తినని ఏనుగు

ముక్కు మీద కోపం అని ఊరికే అంటారు. ఆవిడ విషయంలో కోపానికి ముక్కు దాకా ఎక్కే ఓపిక కూడా ఉండేది కాదు. అందుకే చదరంగం ఆడేవాళ్ళంతా ఆవిడకి సూరేకారం అని పేరు పెట్టేశారు. వెనకాల అందరూ అనేవాళ్ళే. మొహం మీద అనే ధైర్యం మాత్రం మేనకోడలికి ఒక్కదానికే ఉంది. ఆ పిల్లేమన్నా తక్కువదా? ఇంట్లో దాని పేరే పిడుగు.

సూరేకారం పని పళ్ళ సెట్లు తయారుచేసే లాబ్‌లో. మైనం కరిగించి చిగుళ్ళు దిద్దాలి, ఒక్కొక్క పన్నూ పట్టకారుతో పట్టుకుని వరసలో కూర్చాలి, పై పన్ను కింది పన్నుకి సరిగ్గా ఆనుతోందో లేదో మధ్యలో నీలం కాగితం పెట్టి చూసుకోవాలి. అంత నెమ్మదైన చెయ్యి బోర్డు ముందుకొచ్చేసరికి ఏమైపోతుందో దేవుడికే తెలియాలి. గుర్రాన్ని ఎర వేస్తుంది, ఏనుగుని విసిరేస్తుంది, తన రాజుని నడివీధిలో వదిలేసి ఎదుటివాడి రాజు మీద పడుతుంది. "ఆవిడ ముందు కూర్చుంటే పళ్ళు రాలడం ఖాయం. పోనీలే, కొత్త సెట్టు కూడా ఆవిడే కట్టిస్తుంది" అని తోటివాళ్ళ జోకు.

ఇంత ఆట ఆడీ ఆవిడ జట్టులోకి ఎక్కలేదు. ఏళ్ళ తరబడి అదనపు మనిషిగానే వెళ్ళింది. అదనపు మనిషంటే జట్టులో ఎవరికైనా జ్వరమొస్తే ఆడాలి. ఖర్మేమిటంటే ఆ జట్టులో ఎవరికీ తుమ్ము కూడా వచ్చేది కాదు. బోర్డుల చుట్టూ కట్టిన తాడుకి అవతల కుర్చీలో కూర్చుని, ఆడేవాళ్ళ స్వెట్టర్లు ఒళ్ళో పెట్టుకుని, మంచినీళ్ళ సీసాలు అందిస్తూ గడిపేసింది. అది చాలదన్నట్టు ఆ అదనపు సీటు కూడా "వాళ్ళన్నయ్య పుణ్యం" అన్నారు. అన్నయ్య బస్సు డిపోలో టైంకీపర్. చెల్లెలికి ఆట నేర్పింది ఆయనే, సెలక్షన్ కమిటీ వాళ్ళతో చనువున్న మనిషీ ఆయనే. దాంతో ఆవిడ ఎక్కడ గెలిచినా "అన్నయ్య చూపించిన ఎత్తే కదా" అనేవాళ్ళు. ఓడిపోతే మాత్రం అది అచ్చంగా ఆవిడ సొంతం. ఒళ్ళు మండదా మరి?

ఈసారి లెక్క సూటిగా ఉంది. సెలక్షన్ పోటీల్లో ఆఖరి ఆటకొచ్చేసరికి జట్టులో ఒక్కటే సీటు మిగిలింది. అందరికంటే ముందున్న పిడుగు తన సీటు ముందే ఖాయం చేసుకుంది. మిగిలిన ఆ ఒక్కదానికీ ఇద్దరు పోటీ. ఒకరు సూరేకారం, ఇంకొకరు బ్యాంకులో పనిచేసే ఆవిడ. బ్యాంకావిడ పొద్దున్నే తన ఆట గెలిచేసి కూర్చుంది. ఇప్పుడు సూరేకారం తన ఆట గెలిస్తే సీటు తనది. ఓడినా, డ్రా అయినా బ్యాంకావిడది. వచ్చే ఏడాది నుంచి చిన్న వయసువాళ్ళనే తీసుకుంటామని కమిటీ ముందే చెప్పేసింది కాబట్టి మళ్ళీ చూసుకుందాంలే అనడానికి కూడా లేదు. తాడో పేడో ఇవాళే.

ఆ ఆఖరి ఆట ఎవరితోనో చెప్పనా? మేనకోడలితోనే.

జతల కాగితం గోడకి అంటించగానే హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. "ఇంకేముంది, ఇంటి సొమ్మేగా" అంది ఒకావిడ, సూరేకారానికి వినపడేలాగే. సూరేకారం వెనక్కి తిరిగి ఆవిణ్ణి ఒక్క చూపు చూసింది. ఆవిడ చప్పున చెప్పు పట్టీ సర్దుకోవడంలో పడిపోయింది.

ఆటకి ముందు క్యాంటీన్లో అన్నయ్య టీ గ్లాసు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గ్లాసు అంచు మీద వేలు తిప్పుతున్నాడు గానీ తాగడం లేదు. ఆయన అలా నీళ్ళు నములుతున్నాడంటే ఏదో తంటా తెచ్చాడన్నమాటే.

"ఏమిటన్నయ్యా? కక్కెయ్."

"అబ్బే, ఏం లేదు. దానికి సీటు ఎలాగూ వచ్చేసింది కదా. ఈ ఆట గెలిచినా ఓడినా దానికి పోయేదేం లేదు."

"అయితే?"

"నీకేమో ఇదే ఆఖరు. నువ్వు ఊఁ అంటే, నేను దానితో ఒక్క మాట..."

"నోరు ముయ్యి అన్నయ్యా!"

క్యాంటీన్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గొంతు తగ్గించింది గానీ వణుకు మాత్రం తగ్గలేదు. "ఇన్నేళ్ళూ నీ పుణ్యం అనిపించుకున్నాను. ఇప్పుడు నీ కూతురి పుణ్యం కూడా అనిపించుకోమంటావా? ఈ మాట దాని చెవిన పడిందో, మళ్ళీ నీ గడప తొక్కను. సీటు వస్తే నా ఆటతో రావాలి, లేకపోతే మంటల్లో కలవాలి."

"సరేలే, అరవకు. చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టయితే వేశాడు గానీ ఆయన కళ్ళు గ్లాసులోంచి పైకి రాలేదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న కళ్ళాయె. అబద్ధమాడినా అలాగే ఉంటాయి, సిగ్గేసినా అలాగే ఉంటాయి. ఈ రెండిట్లో ఏదో తేల్చుకోలేక సూరేకారం చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచింది.

బోర్డు దగ్గరికి పిడుగు ముందే వచ్చేసింది. కుర్చీలో ఒక కాలు మడుచుకుని కూర్చుని పావులు సర్దుతోంది.

"ఏం సూరేకారం గారూ, ఇవాళ మీ రాజు చేత గుంజీలు తీయిస్తున్నా. మోకాళ్ళకి నూనె రాసి తెచ్చారా?"

"ముందు కాలు కిందపెట్టి కూర్చోవే. నీ రాజుకి ముక్కు తుడిచే దిక్కుందో లేదో చూసుకో."

పిల్ల కిలకిలా నవ్వింది. ఎప్పటిలాగే ఉంది. కొంపదీసి ఎప్పటిలా ఉండమని ఎవరైనా చెప్పారా? ఛీ ఛీ, ఇదేం బుద్ధి అని సూరేకారం తనని తనే తిట్టుకుంది. ఆట నడిపించే ఆర్బిటర్ బూట్లు కిర్రుమనిపించుకుంటూ వచ్చి గడియారం మొదలుపెట్టాడు.

సూరేకారం నల్లపావులతో ఉన్నవాటిల్లోకెల్లా ప్రమాదమైన ఆటకి దిగింది. దానికొక కారణముంది. నిదానంగా సాగే ఆటలో ఒక బంటుని ఎక్కడో జారవిడిస్తే ఎవరూ పట్టుకోలేరు. అటు రాజు ఒక మూల, ఇటు రాజు ఇంకో మూల దాక్కుని, ఇద్దరూ బంట్లని తోసుకుంటూ ఒకరి పీక మీదికి ఒకరు పరిగెత్తే ఆటలో అలా కుదరదు. ఒక్క ఎత్తు ఆలస్యమైతే చావే. ఇలాంటి ఆటలో నాటకాలాడితే కళ్ళున్న ప్రతివాడికీ తెలిసిపోతుంది. ఆడదలుచుకుంటే నిజంగా ఆడవే పిల్లా అని చెప్పడానికి ఆవిడకి ఇంతకంటే మార్గం కనపడలేదు.

పిల్ల నిజంగానే ఆడింది. ఆటా అది! అత్త రాజున్న వైపు తన బంట్లని ఒకదాని వెనక ఒకటి ముందుకి తోసేసి, సూరేకారం కోటకి పక్కవీధి తెరిచేసింది. ఆ వీధిలో ఏనుగు వచ్చి నిలబడింది. మంత్రి దాని పక్కకి చేరింది. చేరిన ప్రతిసారీ పిల్ల గడియారం మీటని టక్కుమని కొట్టి, పెదాలు బిగించి, అత్త మొహంలోకి చూసేది. ఆ చూపులో జాలీ గీలీ ఏం లేవు. సూరేకారానికి చెమటలు పడుతున్నాయి, అయినా లోపల ఎక్కడో హాయిగా ఉంది. దీనికి ఎవరూ ఏమీ చెప్పలేదు అనుకుంది.

ఇక ఆవిడ వంతు. పిల్ల రాజు ముందు కాపలా కాస్తున్న గుర్రం ఒకటుంది. ఆవిడ ఏనుగుని తీసుకెళ్ళి ఆ గుర్రాన్ని తినేసింది. ఏనుగు పోతుందని తెలుసు. పోయింది కూడా. దాని బదులు పిల్ల రాజు చుట్టూ ఉన్న గోడ కూలిపోయింది. ఆ కంతలోంచి సూరేకారం మంత్రి లోపలికి దూరిపోయింది. తాడు అవతల నిలబడి చూస్తున్నవాళ్ళలో ఒకడు "అమ్మ బాబోయ్" అన్నాడు. ఆర్బిటర్ వేలు చూపించాడు, వాడు నోరు మూసుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆట కత్తి అంచు మీదికి వచ్చింది. సూరేకారానికి చేతిలో ఒక దారి సిద్ధంగా ఉంది. మంత్రితో ఇటుపక్క నుంచి ఒక చెక్, రాజు జరుగుతుంది. అటుపక్క నుంచి ఇంకో చెక్, రాజు మళ్ళీ వెనక్కి వస్తుంది. అలా ఎంతసేపైనా ఇస్తూ కూర్చోవచ్చు. పిల్ల తప్పించుకోలేదు, తనూ ఓడిపోదు. ఆట డ్రా. ఇంకెప్పుడైనా అయితే కళ్ళకద్దుకుని తీసుకునేది. ఇవాళ డ్రా అంటే సీటుని తీసుకెళ్ళి బ్యాంకావిడ ఒళ్ళో పెట్టడమే. ఆ బ్యాంకావిడ తాడుని పట్టుకుని, బోర్డుని కాదు, సూరేకారం చేతినే చూస్తోంది.

వద్దు. సూరేకారం చెక్ ఇవ్వలేదు. పక్కనున్న బంటుని ఒక్క గడి ముందుకి జరిపింది. ఇంకొక్క ఎత్తు దొరికితే ఆ బంటు వెళ్ళి పిల్ల రాజు పీక నొక్కేస్తుంది. కాని ఆ ఒక్క ఎత్తులోగా పిల్ల కొట్టగల దెబ్బ ఒకటుంది. గడియారం మీట నొక్కాక గానీ కనపడలేదు.

సూరేకారం రాజుని కాపాడుతున్నది ఒకే ఒక్క శకటు. రాజు ముందు గడిలో కూర్చుని, మూలగా చూస్తూ, కోట మూల గడిని కాపాడుతోంది. పిల్ల ముందు తన శకటుతో దాన్ని కొట్టి ఆ కాపలాదారుని తప్పించాలి. ఆ తర్వాత ఏనుగుతో బంటుని తిని, రాజుని బయటికి లాగి, మంత్రిని మూల గడిలోకి దింపితే మేట్. తప్పించుకునే మార్గమే లేదు. ముందు కాపలావాణ్ణి తప్పించు, తర్వాత ఇంట్లోకి దూరు. ఈ వరస ఆ పిల్లకి నేర్పింది ఎవరనుకున్నారు? ఈ మహాతల్లే. పిల్ల గౌనుల్లో తిరిగే రోజుల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పింది.

పిల్ల ఆలోచనలో పడింది. రెండు అరచేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. పెదాలు కదులుతున్నాయి. కళ్ళు బోర్డు మీద పరిగెడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ పరిగెడుతున్నాయి. చూసేసింది, అదిగో చూసేసింది, అయిపోయింది నా పని అనుకుంటోంది సూరేకారం. తన గడియారంలో నిమిషం కూడా మిగల్లేదు. పిల్ల గడియారమూ అంతంతమాత్రమే. సీటూ లేదు, గీటూ లేదు, ఇన్నేళ్ళ స్వెట్టర్లూ సీసాలూ ఇంతటితో సరి. ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఇదీ బాగానే ఉంది, ఇది కొట్టిన దెబ్బ, ఇది నేర్చుకున్న దెబ్బ అని తనకి తనే సర్దిచెప్పుకుంటోంది.

పిల్ల చెయ్యి లేచింది. లేచి శకటు మీదికి వెళ్ళలేదు. ఏనుగుని తీసి, సూరేకారం రాజు పక్కనున్న బంటుని తినేసి, టక్కుమని మీట కొట్టింది.

సూరేకారానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

ఏనుగు వచ్చింది. సరే. రాజు దాన్ని తినేస్తే? మంత్రి చెక్ ఇస్తుంది, రాజు వెనక్కి వెళ్తుంది, మంత్రి మూల గడిలోకి... దిగితే శకటు తినేస్తుంది! శకటు అక్కడే ఉంది. కాపలావాడు కాపలా కాస్తూనే ఉన్నాడు. ఏనుగు పుణ్యానికి వచ్చినట్టే. తినేస్తే పిల్ల దాడి అక్కడితో ఆఖరు, తర్వాత తన బంటు ఇంకొక్క అడుగు వేస్తే ఆట ఆఖరు. సీటు తనది.

చెయ్యి ముందుకి వెళ్ళింది. సగంలో ఆగింది.

ఎందుకు ఇచ్చింది? పసిపిల్లలు కూడా చెయ్యని తప్పు. కాపలావాణ్ణి వదిలేసి ఇంట్లో దూరడమా? ఈ పిల్లా? మొన్నటికి మొన్న అంతమందిని మట్టి కరిపించిన పిల్లా?

తలెత్తి చూసింది. పిడుగు మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదాలు తెల్లబడ్డాయి. చేతులు ఒళ్ళోకి లాగేసుకుంది. అత్త చూపు తగలగానే కళ్ళు తిప్పేసి తాడు అవతలికి చూసింది. అక్కడ అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఆయన కూడా కళ్ళు దించేశాడు. క్యాంటీన్లో గ్లాసులోకి దించినట్టే.

ఒట్టు తప్పాడు. చెప్పేశాడు. ఇద్దరూ కలిసి నన్ను ముష్టిదాన్ని చేశారు.

సూరేకారానికి అరికాలి మంట నెత్తికెక్కింది. గడియారంలో అంకెలు కరిగిపోతున్నాయి. ఏనుగు ఎదురుగా ఉంది. తినొచ్చు, ఎవరూ తప్పు పట్టరు, రూలు ప్రకారం న్యాయంగానే గెలుస్తుంది. రేపు జట్టుతో వెళ్ళి తాడుకి ఇవతల, ఆడే కుర్చీలో కూర్చుంటుంది. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఇది మేనకోడలు వేసిన బిచ్చం అని లోపల ఒక గొంతు చెబుతూనే ఉంటుంది. దానికంటే స్వెట్టర్లు మోసుకోవడం నయం. ఆ నిమిషంలో ఆవిడకి అలాగే తోచింది. ఆ కోపంలో ఇంకోలా తోచే వీలు కూడా లేదు.

మంత్రిని పట్టుకుంది. చెక్.

పిల్ల ఉలిక్కిపడింది. బోర్డు వంక, అత్త వంక మార్చి మార్చి చూసింది. రాజుని జరిపింది. అటుపక్క నుంచి మళ్ళీ చెక్. రాజు వెనక్కి వచ్చింది. మళ్ళీ చెక్. తాడు అవతల బ్యాంకావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో "ఏనుగుని తినదేం? పిచ్చా?" అన్నారు, ఈసారి ఆర్బిటర్ కూడా వేలు చూపించలేదు. ఆయనా బోర్డు మీదికి వంగి చూస్తున్నాడు. అదే చోటికి ఆట మూడోసారి రాగానే సూరేకారం గడియారం ఆపి, "డ్రా" అంది. పిల్ల చెయ్యి కూడా కలపలేదు. కుర్చీ వెనక్కి తోసి లేచి బయటికి పరిగెత్తింది.

వరండాలో కిటికీ కింద బల్ల దగ్గర దొరికింది. గోడకి మొహం పెట్టి నిలబడి ఉంది. సూరేకారం భుజం పట్టుకుని ఇటు తిప్పింది. తిట్టడానికి నోటి నిండా మాటలు తెచ్చుకుంది గానీ ముందు పిల్లే విరుచుకుపడింది.

"ఎందుకు తినలేదత్తా?"

"నువ్వు పెడితే తినాలా?"

"పెట్టడమేమిటి?"

"నాటకాలాడకు. కాపలా శకటు అక్కడ గుడ్లురిమి చూస్తుంటే ఏనుగుని తెచ్చి నా నోట్లో పెట్టావు. ఇది నీకు తెలీకుండానే జరిగిందా?"

పిల్ల మాటలు ఎక్కిళ్ళతో కలిసి వచ్చాయి. "ముందు శకటుని మార్చేద్దామనే అనుకున్నాను. లోపల అంతా వేసుకున్నాను, శకటుకి శకటు పోయింది, తర్వాత ఏనుగు, తర్వాత మంత్రి, మేట్. పదిసార్లు వేసుకున్నాను. నువ్వు వేరేలా వస్తే ఏమిటి అని అటు వెళ్ళాను, ఇటు వెళ్ళాను. టైం చూస్తే అయిపోతోంది. మార్చేశాననే అనుకున్నానత్తా! నా తలకాయలో నీ శకటు ఎప్పుడో చచ్చిపోయింది. మీట కొట్టాక చూస్తే బోర్డు మీద కూర్చుని ఉంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. నాన్న మొహం చూడలేకపోయాను."

సూరేకారం చెయ్యి పిల్ల భుజం మీంచి జారిపోయింది. ఈ జబ్బు ఆవిడకి తెలుసు. లోతుగా లెక్కలు వేసేవాళ్ళకే వస్తుంది. తలలో చంపిన పావు బోర్డు మీద బతికే ఉంటుంది, కళ్ళెదురుగా ఉన్నా కనపడదు. తనకీ వచ్చింది, ఒకసారి కాదు. పిల్ల మొహంలో నెత్తురు ఎందుకు ఇంకిపోయిందో, పెదాలు ఎందుకు తెల్లబడ్డాయో తెలుసుకోవడానికి తన పాత ఆటలు గుర్తుచేసుకుంటే చాలు. అలా చేసిన ప్రతిసారీ తన మొహమూ అంతే.

అంతలో అన్నయ్య వచ్చాడు. సూరేకారం ఆయన మీదికే వెళ్ళింది. "చెప్పావా దానికి? నిజం చెప్పు."

"చెప్పలేదే! ఒట్టేశాను కదా."

"మరి అక్కడ కళ్ళెందుకు దించుకున్నావ్?"

"అది అంత ఘోరమైన తప్పు చేస్తే కన్నతండ్రిని, చూస్తూ ఎలా ఉండను?"

"ఏం చెప్పడం?" అంది పిల్ల. ఇద్దరి మొహాలూ చూసింది. "ఏం చెప్పాలి నాకు? నాన్నా? ఓడిపొమ్మనా?"

అన్నయ్య మళ్ళీ కళ్ళు దించేశాడు. అదే జవాబైంది. పిల్ల కళ్ళు తుడుచుకోవడం మానేసింది. ఏడుపు అక్కడితో ఆగింది.

"చెబితే నేను ఓడిపోతానని ఆయన అనుకున్నాడు. కావాలని ఓడిపోతున్నానని నువ్వు అనుకున్నావ్. నేను నిజంగా ఆడుతున్నానని మీ ఇద్దరిలో ఒక్కళ్ళకీ అనిపించలేదు."

"అది కాదే. లోపల వాళ్ళంతా ఏమంటున్నారో..."

"ఏమంటున్నారో నేనూ విన్నాను. నువ్వొచ్చేలోపే ఈ కిటికీలోంచి కొత్తది వినపడింది. అత్త కాబట్టి వదిలేసింది, లేకపోతే పిల్ల పని అయిపోయేదే అంటున్నారు. నిజమేగా. అది ఓడిపోయిన ఆట. నువ్వు నాకు అర పాయింటు పెట్టి పంపించావు."

సూరేకారం బల్ల మీద కూలబడింది. సీటు పోయిన సంగతి అప్పటిదాకా కోపంలో కప్పబడిపోయి ఉంది, అది ఇప్పుడు పైకి తేలింది. తన చేతుల్తో తనే పారేసుకుంది. న్యాయంగా గెలిచిన ఆటని, ఎవరూ ఇవ్వనిదాన్ని, విదిల్చికొట్టింది. అది చాలా పెద్ద నష్టమే. కాని ఎదురుగా నిలబడ్డ పిల్ల మొహం చూస్తే అంతకంటే పెద్దది ఇంకోటి ఉందని తెలుస్తోంది. ఇన్నేళ్ళూ తను మోసిన మాటని, ఎవరి పుణ్యమో అనే ఆ మాటని, ఇవాళ తనే తీసి పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టింది.

పిల్ల సంచీలోంచి తన బోర్డు తీసింది. గుడ్డ బోర్డు, బల్ల మీద అత్త పక్కన పరిచింది. పావులు ఒక్కొక్కటే పెట్టింది, తడుముకోకుండా, రాజు, మంత్రి, బంట్లు, ఆ శకటు, చివర్న ఏనుగు.

"తిను" అంది.

"ఇప్పుడెందుకే?"

"తినత్తా."

సూరేకారం రాజుతో ఏనుగుని తింది. పిల్ల మంత్రితో చెక్ ఇచ్చింది, దొరికిన ప్రతి దారీ వెతుక్కుంటూ పళ్ళ బిగువున ఆడింది. కాని బంటు వచ్చి రాజు పీక మీద కూర్చుంది. ఎక్కువసేపు పట్టలేదు. పిల్ల తన రాజుని పడుకోబెట్టి, లోపల కలపని చెయ్యి ఇక్కడ చాచింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. సూరేకారం దాన్ని వదలబుద్ధి కాక పట్టుకునే కూర్చుంది.

"లోపల ఇలాగే ఓడించి ఉంటే ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చేదాన్ని" అంది పిల్ల. గొంతులో కోపం కూడా లేదు, అదే భరించలేకుండా ఉంది. "పొద్దున్నే మళ్ళీ బోర్డు పట్టుకుని నీ దగ్గరికే వచ్చేదాన్ని. ఇప్పుడు నీతో ఆడాలంటే భయంగా ఉందత్తా. ఎక్కడ జాలిపడతావో తెలీదుగా."

చెయ్యి విడిపించుకుని సంచీ భుజాన వేసుకుంది. అన్నయ్య ఆపబోతే పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయింది. జాలి కాదే, నా పొగరు అని చెబుదామని సూరేకారం నోరు తెరిచేసరికి ఆ పిల్ల మెట్లు దిగిపోయింది.